ఆ సినిమాలో వాళ్ళు ఏం పని చేస్తారు?

(తెనాలిలో మా వీధి లైబ్రరీలో ఆదివారం సాయంత్రం మాట్లాడిన మాటలు. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు వినపడుతోందా అండి? సరే.

ఈ మధ్య ఇంట్లో ఏం సినిమాలు చూశారు, ఎలా ఉన్నాయి, నలుగురికీ చెప్పండి అన్నారు మాస్టారు. చెప్తాను. కానీ కథంతా చెప్పేసి, హీరో బాగా చేశాడు, పాటలు బాగున్నాయి, సెకండాఫ్ ల్యాగ్, ఇలా మార్కులు వేసుకుంటూ పోవడం నాకు ఇష్టం లేదు. నేను సినిమా ఎలా చూస్తానో ముందు చెప్తే, ఎందుకు నచ్చిందో ఎందుకు నచ్చలేదో మీకే తెలుస్తుంది.

నేను టైలర్నని ఇక్కడ చాలామందికి తెలుసు. మా ఇంట్లో మిషన్ హాల్లోనే ఉంటుంది, టీవీ కూడా హాల్లోనే. పగలంతా మిషన్ మీద పని, రాత్రి అన్నాలయ్యాక చేతిపని. హుక్కులు కుట్టడం, కాజాలు, చీరలకి ఫాల్స్, అలాంటివన్నీ రాత్రికి పెట్టుకుంటాను, అప్పుడు సినిమా పెట్టుకుంటాం. నేను, మా అత్తయ్యగారు, అప్పుడప్పుడు మా అమ్మాయి. ఆయన సగం చూసి నిద్రపోతారు. మా అత్తయ్యగారు ఏ సినిమా పెట్టినా పావుగంటలో ఒక ప్రశ్న అడుగుతారు, "ఈ పిల్లాడు ఏం చేస్తుంటాడే?" అని. అంటే ఉద్యోగమా, వ్యాపారమా, వ్యవసాయమా, ఇంటికి డబ్బులు ఎక్కడినుంచి వస్తున్నాయి అని. పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు ఎలా అడుగుతామో అలా అడుగుతారు.

ఆ ప్రశ్నకి చాలా సినిమాల్లో జవాబు ఉండదండి. మీరు ఎప్పుడైనా ఆలోచించారా? మొన్న ఒక పెద్ద సినిమా చూశాం, పేరెందుకులెండి, మూడు గంటలు, మనిషి కార్లో తిరుగుతాడు, కొత్త చొక్కాలు వేస్తాడు, వందమందిని కొడతాడు, చివరిదాకా చూసినా ఆ మనిషి ఏం పని చేసి బతుకుతున్నాడో మా ముగ్గురిలో ఎవరూ చెప్పలేకపోయాం. థియేటర్లో అయితే ఈ ప్రశ్న రాదు. చీకటి, పెద్ద తెర, ఆ సౌండు, చుట్టూ ఈలలు, అక్కడ ఆ మనిషి నడిచొస్తే చాలు. థియేటర్లో నేను కూడా ఈల వేసేవాళ్ళతో పాటే సంతోషంగా చూస్తాను, అది వేరే ఆనందం, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఇంట్లో లైటు వేసుంటుంది, కుక్కర్ విజిల్ వస్తుంది, పాలవాడికి డబ్బులివ్వాలి, చేతిలో ఎవరిదో జాకెట్టు ఉంటుంది, రేపొద్దున ఇచ్చేయాలి. మన పని మన చేతిలో ఉండగా తెరమీద మనిషికి ఏ పనీ లేకపోతే అది తెలిసిపోతుంది. ఇంట్లో నిలబడే సినిమా వేరు. నాకైతే మనుషులు పని చేస్తూ కనపడే సినిమాలే ఇంట్లో నిలబడ్డాయి. ఇవాళ వాటి గురించే చెప్తాను.

ముందు 'మల్లేశం'. 2019లో వచ్చింది, రాజ్ రాచకొండ గారు తీశారు, ప్రియదర్శి చేశాడు. చింతకింది మల్లేశం గారి నిజం కథ. మీలో చేనేత కుటుంబాల వాళ్ళు ఉన్నారు కదా, ఉన్నారు, అక్కడ చెయ్యి ఎత్తారు, మీకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తా. పోచంపల్లి చీర నేసేముందు నూలుని ఆసు పోయాలి. ఒక పక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరసగా గుచ్చిన మేకులు, ఆడమనిషి కూర్చుని దారాన్ని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిప్పుతూ ఉండాలి. ఒక్క చీరకి తొమ్మిది వేలసార్లు! వింటున్నారా? తొమ్మిది వేలసార్లు చెయ్యి అలా బారుగా చాపి వెనక్కి తేవాలి. నాలుగైదు గంటలు. రోజుకి రెండు చీరలంటే పద్దెనిమిది వేలసార్లు. భుజం ఏమవుతుంది? వాళ్ళ అమ్మ లక్ష్మమ్మ గారు ఆ నొప్పితో ఇంక నావల్ల కాదు అన్నారు, ఆ బాధ చూసి చదువు మధ్యలో ఆపేసిన పిల్లాడు మిషన్ చేద్దామనుకున్నాడు.

ఆ ఆసు పోసే సీనులొచ్చినప్పుడల్లా నేను చేతిలో సూది ఆపేశాను. అమ్మగా ఝాన్సీ గారు చేశారు. ఆవిడ చెయ్యి వెళ్ళొచ్చే తీరు చూడండి మీరు, చూసినప్పుడు ముఖం చూడకండి, భుజం చూడండి. మొదట్లో ఒక వేగం, తర్వాత ఒక వేగం. మధ్యలో ఇంకో చేత్తో భుజం పట్టుకోవడం. నాకు ఆ నొప్పి ఎక్కడ ఉంటుందో తెలుసు, మెడకి కింద, రెక్క ఎముక పక్కన. మిషన్ తొక్కేవాళ్ళకి నడుము, ఆసు పోసేవాళ్ళకి భుజం. డైలాగులు రాసింది పెద్దింటి అశోక్ కుమార్ గారు, ఆయన కథలు చదివినవాళ్ళకి తెలుస్తుంది, నేతపనివాళ్ళ మాట ఆయనకి ఎంత బాగా పట్టుబడిందో. అప్పులవాళ్ళు ఇంటిమీదకి రావడం, ఊళ్ళోవాళ్ళు పిచ్చోడనడం, ఇవన్నీ ఉన్నాయి, బాగున్నాయి.

నాకు తక్కువైంది ఒకటి ఉంది, చెప్తాను. మిషన్ ఎలా పనిచేస్తుందో ఇంకొంచెం సేపు చూపించాల్సింది. నిజం జీవితంలో మల్లేశం గారికి అంతా కుదిరింది కానీ దారాన్ని మేకు చుట్టూ తిప్పే ఆ ఒక్క కదలిక కుదర్లేదు, ఏళ్ళ తరబడి కుదర్లేదు, హైదరాబాదులో కరెంటు పనులు చేసుకుంటూ బాలానగర్లో ఒకచోట పనికెళ్ళినప్పుడు అక్కడి మిషన్ కదలిక చూస్తే అదే తనకి కావలసింది అని తట్టిందట. 1999లో మిషన్ పూర్తయింది. అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకి వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆరేడు తరగతుల దగ్గర చదువాపేసిన మనిషి. నా ఉద్దేశంలో ఆ తట్టిన క్షణాన్ని ఇంకో పది నిమిషాలు చూపించినా జనం చూసేవాళ్ళు. సినిమావాళ్ళు జనానికి బోరు కొడుతుందని భయపడతారు, మనకి బోరు కొట్టదండి, మనిషి బుర్ర ఎలా పనిచేసిందో చూడటం కంటే ఏముంటుంది?

ఇక రెండోది. ఇది మలయాళం. 'ద గ్రేట్ ఇండియన్ కిచెన్'. జియో బేబీ అనే ఆయన తీశారు, 2021 సంక్రాంతి రోజుల్లో నీస్ట్రీమ్ అనే చిన్న మలయాళ ఓటీటీలో వచ్చింది, పెద్ద ఓటీటీలు మొదట తీసుకోలేదట, జనం చూసి చూసి చెప్పుకున్నాక అవీ తీసుకున్నాయి. నిమిషా సజయన్ అనే అమ్మాయి చేసింది. ఇందులో మొగుడికీ పెళ్ళానికీ పేర్లుండవు. కథ అంటారా, పెళ్ళైన అమ్మాయి అత్తారింటికి వచ్చింది, వంట చేసింది, అంతే. నిజంగా అంతే. కూరగాయలు తరగడం, కొబ్బరి కోరడం, పిండి, చట్నీ, గిన్నెలు, నేల తుడవడం, మళ్ళీ పొద్దున్నే కూరగాయలు తరగడం.

మొదటి పావుగంట మా అమ్మాయి "ఏంటమ్మా ఇది, ఏమీ జరగట్లేదు" అంది. జరుగుతోంది కదా! అంత పని జరుగుతుంటే ఏమీ జరగట్లేదంటావేంటి అన్నాను. ఆ మాట దగ్గరే ఆ సినిమా అంతా ఉందండి. అన్నం కుక్కర్లో వద్దు, కట్టెల పొయ్యి మీద వండమంటాడు మామగారు. చట్నీ మిక్సీలో వద్దు, రోట్లో రుబ్బాలి. బట్టలు మిషన్లో వెయ్యద్దు, చేత్తో ఉతకాలి. ఆయన కోపంగా అనడు, చాలా మెల్లగా, ఆప్యాయంగా అంటాడు. పళ్ళు తోముకునే బ్రష్షు కూడా చేతికి తెచ్చివ్వాలి. తిన్నాక నమిలిన మునక్కాయ పిప్పి కంచం పక్కన బల్లమీద పడేసి లేచిపోతారు, ఆ బల్లని కెమెరా చూపిస్తుంది, అదే బల్లమీద తర్వాత ఆడవాళ్ళు తింటారు. ఎవరూ కొట్టుకోలేదు, తిట్టుకోలేదు, కానీ నాకు కడుపులో తిప్పింది.

ఇందులో వంటింటి సింకు కింద పైపు లీకవుతుంటుంది. ప్లంబర్ని పిలవమని ఆ అమ్మాయి చెప్తుంది, మొగుడు మర్చిపోతాడు. మళ్ళీ చెప్తుంది, మళ్ళీ మర్చిపోతాడు. కింద గోనెసంచి వేస్తుంది, బకెట్టు పెడుతుంది, ఆ మురికినీళ్ళు తనే తీస్తుంది. మా అత్తయ్యగారికి మలయాళం రాదు, కింద వచ్చే అక్షరాలు చదవలేరు, ఒక్క మాట అర్థం కాలేదు ఆవిడకి. కానీ సినిమా మొత్తం ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే, "ఆ పైపు బాగుచేసేవాడు వచ్చాడా లేదా?" అని. వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చి మళ్ళీ "వచ్చాడా?" అని. భాష రాకుండానే సినిమాలో అసలు విషయం పట్టుకున్నారు ఆవిడ. ఆ నీళ్ళు చివరికి ఏమయ్యాయో నేను చెప్పను, మీరు చూడండి.

ఇంకోటి గమనించండి, ఆ మొగుడు చేసే పని మాస్టారుద్యోగం. ఆడపిల్లలకి కుటుంబం గురించి పాఠం చెప్తుంటాడు క్లాసులో. ఆ అమ్మాయి డాన్సు నేర్చుకుంది, డాన్సు టీచరుద్యోగానికి అప్లికేషన్ పెట్టుకుంటానంటే మన ఇంట్లో అలాంటివెందుకమ్మా అంటారు. అంటే పని లేకపోవడం కాదు ఆ అమ్మాయి కష్టం. పొద్దున్నుంచి రాత్రిదాకా ఊపిరాడని పని. డబ్బులు రాని పని. నన్నడిగితే ఈ సినిమా ఇంట్లోనే చూడాలి, థియేటర్ కంటే ఇంట్లోనే చూడాలి, ఎందుకంటే సినిమా అయిపోయాక టీవీ ఆపి లేస్తే పదడుగుల దూరంలో మన వంటిల్లు ఉంటుంది, సింకులో మన గిన్నెలుంటాయి. మగవాళ్ళు చూడండి. ఇక్కడ కూర్చున్న అన్నయ్యలు, తమ్ముళ్ళు, మీరు తప్పకుండా చూడండి, మధ్యలో ఆపకుండా చూడండి. నేను సీరియస్‌గా చెప్తున్నాను.

సరే, ఇప్పుడు మన ఊరి పక్కకి వద్దాం. 'మిడిల్ క్లాస్ మెలోడీస్' ఎంతమంది చూశారు? చాలామంది చూశారే. కొలకలూరు వాళ్ళెవరైనా ఉన్నారా ఇక్కడ? 2020 నవంబరులో ప్రైమ్‌లో వచ్చింది, అప్పుడు కరోనా, థియేటర్లు లేవు, నేరుగా ఇళ్ళల్లోకే వచ్చింది. వినోద్ అనంతోజు గారి మొదటి సినిమా. కొలకలూర్లో హోటల్ నడిపే కొండలరావు గారు, ఆయన కొడుకు రాఘవ గుంటూర్లో హోటల్ పెట్టాలనుకుంటాడు, దేన్ని నమ్ముకుని? బొంబాయి చట్నీని నమ్ముకుని. మన వైపు వాళ్ళు కాబట్టి నవ్వుతున్నారు మీరు, వేరే ఊరివాళ్ళకి చెప్తే బొంబాయిలో చేస్తారా అంటారు.

ఇందులో నాకు నచ్చింది ఏంటంటే ఆ అబ్బాయి కల చాలా చిన్నది, దాని లెక్క మాత్రం పెద్దది. షాపు కావాలి, అద్దె కావాలి, అడ్వాన్సు కావాలి, పొలం మీద నాన్న ఒప్పుకోవాలి. బొంబాయి చట్నీ చేయడం తేలికే అనుకుంటాం, శనగపిండి నీళ్ళల్లో ఉండ కట్టకుండా కలపాలి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో వేగాక పోయాలి, తిప్పుతూనే ఉండాలి. ఇంట్లో నలుగురికైతే అయిపోతుంది. హోటల్లో పొద్దున ఆరింటికి చేసింది తొమ్మిదింటికి గట్టిపడిపోతుంది, వేడినీళ్ళు పోస్తే రుచి పల్చబడుతుంది, అదీ అసలు పని. రుచి ఎక్కడ చెడిందో పట్టుకోవడం కష్టం, హోటల్ పెట్టినవాళ్ళకే తెలుస్తుంది. ఈ సినిమా ఆ కష్టాన్ని పట్టించుకుంది. ప్రేమకథలు రెండు మూడు కలిపేశారు, నాకు అవి కొంచెం ఎక్కువయ్యాయి అనిపించింది. గోపరాజు రమణ గారు, ఆ నాన్న, ఆయన మాత్రం... ఆయన తిట్లు వింటే మా మావయ్యగారు మళ్ళీ వచ్చినట్టుంది అన్నారు మా అత్తయ్యగారు. అరిచే నాన్నలందరికీ ఒక భయం ఉంటుంది, తన హోటల్ ఎంత కష్టంగా నడుస్తుందో తెలుసు కాబట్టి కొడుకు ఇంకో హోటల్ అంటే భయం, ఆ భయం ఆ గొంతులో వినపడుతుంది.

'సినిమా బండి' కూడా ఇలాంటిదే, 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఆటోలో ఎవరో ఖరీదైన కెమెరా మర్చిపోతే ఆ ఆటో నడిపే వీరబాబు ఊళ్ళో సినిమా తీద్దామనుకుంటాడు. కెమెరామెన్ ఎవరు? పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసే గణపతి. హీరో ఎవరు? మంగలి పని చేసే కుర్రాడు. హీరోయిన్ మంగ కూరగాయలు అమ్ముకుంటుంది. మంగ ఏ సీన్లో అయినా కూరగాయలమ్మిన మనిషిలాగే మాట్లాడుతుంది, ఎవరికీ తగ్గదు, బేరం ఆడినట్టే ఉంటుంది. కర్ణాటక సరిహద్దు వైపు యాస, మొదట్లో మనకి కొంచెం తెలీదు, పది నిమిషాలు ఓపిక పట్టండి అలవాటైపోతుంది. నేను ఎక్కువ చెప్పను దీని గురించి, చూసి నవ్వుకోండి, పిల్లలతో చూడండి.

ఫొటోలంటే గుర్తొచ్చింది, 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య'. అరకులో ఫొటో స్టూడియో పెట్టుకున్న మహేష్ కథ, సత్యదేవ్ చేశాడు, 'కేరాఫ్ కంచరపాలెం' తీసిన వెంకటేష్ మహా గారే తీశారు, 2020లో. మలయాళంలో 2016లో ఫహాద్ ఫాజిల్ చేసిన సినిమాకి రీమేక్ ఇది, కేరళలో ఇడుక్కి కొండల్లో జరుగుతుంది అది. ఇంట్లో చూడటంలో ఇదో సుఖం, ఒకరోజు ఇది, ఇంకోరోజు అది పెట్టుకుని పోల్చి చూశాను. అందరూ చెప్పులు, దెబ్బలు, పగ, వాటి గురించే చెప్తారు, దెబ్బలు తిన్నాక తిరిగి కొట్టేదాకా చెప్పులు వేసుకోనని ఒట్టు పెట్టుకుంటాడు కదా. నాకు మాత్రం నచ్చింది వేరే. అతను మొదట్లో ఫొటో ఎలా తీస్తాడు? గడ్డం పైకి, కొంచెం కిందకి, కదలకండి, క్లిక్. వచ్చినవాళ్ళందరికీ అదే. ఒకమ్మాయి వచ్చి నువ్వు తీసిన ఫొటో బాగాలేదు అన్నాక, తన నాన్న దగ్గరకెళ్ళి కూర్చుని, ఫొటో అంటే ఏంటో కొత్తగా నేర్చుకుంటాడు. పని చేయడం వేరు, పని రావడం వేరు. ఆ తేడా సినిమాలో చూపించడం చాలా కష్టమండి, రెండు సినిమాల్లోనూ చూపించారు. మలయాళంలో ఊరి జనం ఇంకా సహజంగా ఉన్నారనిపించింది నాకు. మన అరకు మాత్రం చూడ్డానికి కన్నులపండగ్గా ఉంది.

అమ్మా, ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించండి, కాగితాలు ఎగిరిపోతున్నాయి.

'35 చిన్న కథ కాదు' చెప్పాలి. 2024లో వచ్చింది, నందకిశోర్ ఈమాని గారు తీశారు, తిరుపతిలో కథ. అరుణ్ అనే పిల్లాడికి లెక్కలు రావు. ఎందుకు రావు? సున్నాకి విలువ లేదంటారు, మళ్ళీ ఒకటి పక్కన పెడితే పది అంటారు, పది తొమ్మిది కంటే పెద్దదంటారు, ఏమీ లేనిది పక్కన పెడితే ఎలా పెద్దదవుతుంది అని అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే కదా! మాస్టారు జవాబు చెప్పకుండా వాణ్ణి జీరో అని పిలుస్తాడు. వాళ్ళమ్మ సరస్వతి, నివేదా థామస్ చేసింది, టెన్త్ తప్పిన మనిషి, కొడుకుకి చెప్పడానికి తను లెక్కలు మొదట్నుంచి నేర్చుకుంటుంది. ఇంటిపనంతా అయ్యాక.

నాకు ఈ సినిమా దగ్గరగా అనిపించింది. నాకు బళ్ళో భిన్నాలు ఎక్కలేదు, టేపు పట్టుకున్నాక ఎక్కాయి. ఛాతీ ముప్పై ఆరు ఉంటే నాలుగో వంతు తొమ్మిది, దానికి కుట్టుకి ఎంత కలపాలి, చంక దగ్గర ఎంత లోతు తియ్యాలి, గుడ్డ మడతపెట్టి గీస్తే భిన్నం అంటే ఏంటో కంటికి కనపడుతుంది. ఇక్కడ లెక్కల మాస్టార్లు ఉన్నారు, మీకు దండం పెట్టి చెప్తున్నా, పిల్లలకి గుడ్డో, తాడో, రొట్టో ఏదో ఒకటి చేతికిచ్చి చెప్పండి. ఆ సినిమాలో అమ్మ చేసింది అదే, ఇంట్లో ఉన్న వస్తువుల్లోంచి చెప్పడం. నివేదాకి తెలంగాణ గద్దర్ అవార్డు వచ్చింది ఈ సినిమాకి, రావాల్సిందే.

'బలగం' గురించి మీ అందరికీ తెలుసు, ఊరూరా తెరలు కట్టి చూపించారు 2023లో, తెలంగాణ పల్లెల్లో జనం కింద కూర్చుని చూసి ఏడ్చారు, పేపర్లో ఫొటోలొచ్చాయి. పెద్దాయన కొమురయ్య చనిపోతాడు, పిండం కాకి ముట్టదు, ఎందుకు ముట్టదు, నల్లి బొక్క, అంటే మాంసంలో మూలుగ ఉన్న ఎముక, దాని దగ్గర మొదలైన పంతం ఎక్కడిదాకా వెళ్ళింది, ఇదంతా తెలిసిన కథే. వేణు యెల్దండి గారు మొదటి సినిమాతోనే ఇంత నిండుగా తీశారు. నేను ఒకే ఒక్క విషయం చెప్తాను. చివర్లో పాడినవాళ్ళు, పస్తం మొగిలయ్య గారు, కొమురమ్మ గారు. భార్యాభర్తలు, వరంగల్ జిల్లా దుగ్గొండి వైపు, ఊరూరా తిరిగి కథలు చెప్పుకుని బతికిన కళాకారులు. వాళ్ళు అక్కడ నటించలేదండి, తమ పని తాము చేశారు. చావింటి దగ్గర కూర్చుని ఆ ఇంటివాళ్ళ కథ ఆ ఇంటివాళ్ళకే పాడి ఏడిపించడం వాళ్ళ పని, ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పని, కెమెరా వచ్చి దాన్ని పట్టుకుంది. అందుకే అంతసేపు ఇద్దరు మనుషులు పాడుతుంటే అన్ని లక్షలమంది కదలకుండా చూశారు. మొగిలయ్య గారు 2024 డిసెంబరులో పోయారు, కిడ్నీల జబ్బుతో చాలా కష్టపడ్డారు. ఆయన పాడింది ఇప్పుడు ఎవరింట్లోనైనా పెట్టుకుని చూడొచ్చు. చూసినప్పుడు ఆయన పేరు పిల్లలకి చెప్పండి.

పాతవి చూడవా అంటారు మీరు. చూస్తాను, పాతవే ఎక్కువ చూస్తాను. మొన్న వరసగా రెండు చూశాం, రెండూ 1955వే. ఒకటి 'మిస్సమ్మ'. మీరు ప్రేమ, పాటలు, వెన్నెల, అవన్నీ గుర్తుపెట్టుకున్నారు. అసలు ఆ కథ ఎక్కడ మొదలైందో గుర్తుందా? ఉద్యోగం దగ్గర! బీఏ చదివిన ఇద్దరికి ఉద్యోగాలు లేవు. ఆ అమ్మాయికి అప్పు ఉంది. జమీందారు గారి బడిలో మాస్టారుద్యోగాలు భార్యాభర్తలకే ఇస్తారట, అందుకని మొగుడూపెళ్ళాలమని అబద్ధం చెప్పి చేరతారు. పొట్టకూటి కోసం పుట్టిన అబద్ధం అది. అందుకే ఇన్నేళ్ళయినా నవ్వు పాడవలేదు, ఎందుకంటే ఆ నవ్వు కింద నిజమైన అవసరం ఉంది. చదువుకుని ఉద్యోగం లేక కూర్చున్న పిల్లలు ఇవాళ ప్రతి ఇంట్లో ఉన్నారు కదా. సావిత్రి గారు మేరీగా చిరాకుపడుతుంటే మా అమ్మాయి నవ్వి నవ్వి, "అమ్మా ఈవిడ కోపం కరెక్టే" అంది. కరెక్టే మరి!

రెండోది 'రోజులు మారాయి'. తాపీ చాణక్య గారు తీశారు. వహీదా రెహమాన్ గారి డాన్సుతో ఏరువాక పాట, కొసరాజు గారు రాసింది, అది అందరికీ తెలుసు. సినిమా మొత్తం చూసినవాళ్ళు తక్కువ. రైతులకీ భూస్వామికీ మధ్య గొడవ, భూమి ఎవరిది, పండించింది ఎవరు అనే గొడవ. కొన్ని సీన్లు నాటకంలా అనిపిస్తాయి, ఉపన్యాసాలు ఉన్నాయి, నిజమే. కానీ పొలం పని మీద అంత హుషారైన పాట తర్వాత ఎన్ని వచ్చాయి చెప్పండి? మా అత్తయ్యగారు చిన్నప్పుడు నాట్లకి వెళ్ళారు. ఆ పాట వచ్చినప్పుడు ఆవిడ ఏమీ మాట్లాడలేదు, అయిపోయాక "మళ్ళీ పెట్టు" అన్నారు.

టైమయిపోతోందా మాస్టారూ? ఇంకో పది నిమిషాలు. జపాన్ సినిమా ఒకటి చెప్పి ఆపేస్తాను. 'పర్‌ఫెక్ట్ డేస్'. విమ్ వెండర్స్ అని జర్మనీ ఆయన తీశారు, 2023లో కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఆ హీరోకి, కోజీ యకుషో గారికి, ఉత్తమ నటుడు అవార్డు వచ్చింది. ఆయన చేసింది ఏ వేషం? టోక్యోలో పబ్లిక్ మరుగుదొడ్లు కడిగే మనిషి వేషం. రోజూ పొద్దున్నే లేవడం, మొక్కలకి నీళ్ళు, వ్యాను ఎక్కడం, కడగడం, మధ్యాహ్నం చెట్టుకింద తిండి, సాయంత్రం స్నానం, రాత్రి పుస్తకం. చిన్న అద్దం పెట్టి కంటికి కనపడని చోట కూడా శుభ్రమైందో లేదో చూస్తాడు. ఎవరూ చూడని చోటు! నాకు ఆ అద్దం చూసి ఎంత గౌరవం కలిగిందో. జాకెట్టు లోపలివైపు కుట్టు ఎవరూ చూడరు, అయినా సరిచేస్తాం కదా, అదే గౌరవం.

కానీ ఒక మాట చెప్పాలి. ఆ టాయిలెట్లు మామూలువి కావు, షిబుయా అనే చోట పెద్ద పెద్ద ఆర్కిటెక్టులు కట్టినవి, ఒకదానికి అద్దాల గోడలుంటాయి, లోపల గడియ పెడితే గోడలు మసకబడతాయి. ఆయనకి గ్లౌజులున్నాయి, యూనిఫాం ఉంది, నీళ్ళున్నాయి. మన పారిశుద్ధ్య కార్మికులకి చాలాచోట్ల అవి లేవు, మ్యాన్‌హోళ్ళలో దిగి ఊపిరాడక చనిపోతున్నారు, చట్టం ఉంది, 2013లో చేశారు, అయినా చనిపోతున్నారు. అందుకని ఆ సినిమా ప్రశాంతంగా ఉంది, బాగుంది అని చెప్పి ఊరుకోలేకపోయాను. ఆ ప్రశాంతత వెనక ఎన్ని సౌకర్యాలున్నాయో కూడా చూడాలి. సినిమా నాకు చాలా నచ్చింది, ఈ మాటా చెప్పాలనిపించింది, రెండూ నిజమే.

మా పనివాళ్ళ తరఫున సినిమావాళ్ళకి ఒక విన్నపం. కుట్టుమిషన్ దగ్గర కూర్చున్న ఆడమనిషిని చాలా సినిమాల్లో చూపిస్తారు, కష్టపడే అమ్మ అని చెప్పడానికి. ఆ మిషన్‌కి చాలాసార్లు దారం ఉండదు! సూదిలో దారం లేకుండా ఏం కుడుతుందండి ఆవిడ? చక్రం మనవైపుకి తిప్పాలి, అవతలికి తిప్పితే దారం చిక్కుపడి తెగిపోతుంది, తెరమీద అవతలికి తిప్పేస్తారు. కాళ్ళు ఒక లయలో ఉండవు, చేతులు గుడ్డని లాగుతుంటాయి, లాగకూడదు, గుడ్డ దానంతటదే వెళ్ళాలి, చెయ్యి దారి చూపించాలంతే. ఒక టైలర్ని పిలిచి గంటసేపు కూర్చోబెట్టుకుంటే చాలు, నేర్పిస్తాం, డబ్బులు కూడా అడగం. ఆసు పోయడం అంత శ్రద్ధగా చూపించినవాళ్ళు ఉన్నప్పుడు మిషన్ తొక్కడం చూపించలేరా?

చివరగా మీ అందరినీ ఒకటి అడుగుతాను, ఎందుకంటే నాకు దొరకలేదు. మన గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల దగ్గర వేసవిలో మిరపకాయలకి తొడిమలు తీసే ఆడవాళ్ళు ఉంటారు, మీరందరూ చూసే ఉంటారు, ఘాటుకి మొహానికి గుడ్డ కట్టుకుని, చేతులు మండుతుంటే రాత్రికి నూనె రాసుకుని, కిలోల లెక్కన కూలి తీసుకుంటారు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్ళలో కూడా ఉన్నారు. మన దగ్గర ఇన్ని సినిమాలు తీశారు, గుంటూరు కారం అని ఇన్ని పాటలు రాశారు, ఆ ఆడవాళ్ళ పని నిలబడి చూపించిన సినిమా ఏదైనా మీలో ఎవరైనా చూశారా? చిన్న సినిమా అయినా సరే, షార్ట్ ఫిల్మ్ అయినా సరే. పేరు చెప్పండి, రాసుకుంటాను. మైకు అటు ఇస్తున్నా, ముందు ఆ పచ్చచీర అక్కయ్య చెయ్యెత్తారు, మీరు చెప్పండి అక్కయ్యా.